అమ్మీటరు ముల్లు ఏమంటోంది?

పాత బుల్లెట్‌కు స్పీడోమీటరు పక్కనే ఇంకో చిన్న గుండ్రటి మీటరు ఉంటుంది. తెలియనివాళ్లకు అది అలంకారం. దాని పేరు అమ్మీటరు. బండి మొరాయిస్తే ముందు చూడాల్సింది దాని ముల్లునే.

తాళం తిప్పి కిక్కును మెల్లగా నొక్కుతూ పోతే ముల్లు మైనస్ వైపు ఒరుగుతుంది. స్విచ్చులా పనిచేసే పాయింట్లు కలిసి ఉన్నాయి, కాయిల్‌లోకి కరెంటు పోతోందని అర్థం. ఇంకాస్త నొక్కితే ముల్లు మళ్లీ మధ్యకు వస్తుంది. పాయింట్లు విడిపడ్డాయి, పిస్టను దాదాపు పైదాకా చేరింది. అప్పుడు హ్యాండిల్ ఎడమవైపున్న డీకంప్రెషన్ లీవరు పట్టుకుని కిక్కును ఇంకొంచెం కిందికి దించాలి. లీవరు వదిలి, కిక్కును పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి ఒక్కటి కొట్టాలి. రేజు ఇవ్వకూడదు. ఈ కిటుకు తెలియనివాడు దబదబా కొట్టి చెమటలు కక్కేచోట తెలిసినవాడు ఒక్క కిక్కుతో వెళ్లిపోయేవాడు. అంచనా తప్పితే మాత్రం కిక్కు రివర్స్ కొట్టేది, పిక్క వాచేది.

రోగమేమిటో చెప్పేదీ ఆ ముల్లే. అసలు కదలకపోతే ఫ్యూజు పోయిందో, బ్యాటరీ దిగిపోయిందో, పాయింట్లకు మసి పట్టిందో చూసుకోవాలి. మైనస్ వైపు ఒరిగి అక్కడే ఉండిపోతే పాయింట్లు విడిపడటం లేదు, లేదా కండెన్సరు షార్టయింది. ముల్లు సరిగానే ఆడుతూ బండి మాత్రం పలకకపోతే ప్లగ్గు విప్పాలి. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, పొడిగా ఉంటే అందడం లేదు. దాన్ని క్యాప్‌కే తగిలించి ఇంజను హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నీలంగా, చురుగ్గా నిప్పు రావాలి. పచ్చగా, నీరసంగా వస్తే లాభం లేదు.

ఈ వైద్యం ఇక్కడ అంతకాలం చెల్లడానికి బండి చరిత్రే కారణం. ఇంగ్లండులోని రెడిచ్ నుంచి వచ్చిన ఈ మోడల్‌ను మన సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకుంది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడినా మద్రాసులో 346 సీసీ బుల్లెట్ తయారీ ఆగలేదు. పైగా ఇంజను దాదాపు అదే. తండ్రి బండికి నేర్చుకున్న కిటుకు కొడుకు కొన్న కొత్త బండికీ పనికొచ్చేది. వీటిని ‘నమ్మకమైన బళ్లు’ అని ఇప్పుడు మురిసిపోయేవాళ్లున్నారు గానీ, ఆ మాట అంత నిజం కాదు. అవి తరచూ ఆగేవి. కాకపోతే ఆగినచోటే బాగుపడేవి. పాయింట్ల మధ్య సందు ఉండాల్సింది 0.4 మిల్లీమీటరు దగ్గర. కొలిచే గేజీ లేకపోతే విజిటింగ్ కార్డు దూర్చి చూసేవారు. మసిని ఉప్పు కాగితంతో రుద్దేవారు. ఫ్యూజుకు బదులు సిగరెట్ పెట్టెలోని వెండిరేకు చుట్టిన ఘనులూ ఉన్నారు (వైర్లు కాలితే ఎవరిదీ పూచీ కాదు).

మైసూరు బండిది వేరే దారి. 1961 నుంచి అక్కడ ఐడియల్ జావా కంపెనీ చెక్ డిజైన్‌తో జావాలు చేసింది. 1973 నుంచి అవే ఎజ్డీలు. ఎడమవైపు ఒకటే రాడ్డు: పైకి తిప్పితే కిక్కు, ముందుకు వాలిస్తే గేరు. టూస్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలపాలి, ఆ ఆయిల్ కాలిన మసి ప్లగ్గుకు పట్టేది. అందుకే సైడు డబ్బాలో ప్లగ్గు పానా, బెంగళూరు మైకో కంపెనీ స్పేర్ ప్లగ్గు ఉండాల్సిందే. పొద్దున్నే చల్లగా ఉన్న బండికి కార్బొరేటర్ మీది చిన్న బొడిపెను నొక్కి, పెట్రోలు పొంగాక కిక్కు కొట్టేవారు. మరీ ఎక్కువ నొక్కితే ప్లగ్గు తడిసిపోయేది. అప్పుడు కాక్ కట్టేసి, రేజు పూర్తిగా తిప్పిపట్టి కొడుతూ ఉండటమే.

పోలండు నమూనా మీద ఎస్కార్ట్స్ చేసిన రాజ్‌దూత్‌కూ ఇవే తంటాలు. బజాజ్ చేతక్‌ను పక్కకు వంచి లేపి కిక్కు కొట్టడం ఇంటింటా కనిపించిన దృశ్యం. దానికి పూజ అవసరమా అని పిల్లలు నవ్వినా అందులో శాస్త్రం ఉంది. వంచితే కార్బొరేటర్‌లో పెట్రోలు పొంగి, మిశ్రమం చిక్కబడుతుంది.

1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. అందులో పాయింట్లు లేవు, సీడీఐ అనే ఎలక్ట్రానిక్ డబ్బా ఉంది. అరిగే భాగం లేదు కాబట్టి సర్దేదీ లేదు. ఆ డబ్బా పోతే మాత్రం రుద్దడానికి, వంచడానికి ఏమీ ఉండదు, కొత్తది వేయాల్సిందే. బండి ఎందుకు కదలడం లేదో తెలుసుకునే పని నడిపేవాడి చేతుల్లోంచి జారడం అక్కడ మొదలైంది. బుల్లెట్ ఆలస్యంగానైనా అదే దారి పట్టింది. బుల్లెట్ కంపెనీ 2020లో తెచ్చిన మీటియర్‌కు కిక్కే లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటే కావాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే గేరులో వేసి ఎంత తోసినా సాధారణంగా ఫలితం ఉండదు.

అయినా పాత ఇంజన్లు రోడ్ల మీదే ఉన్నాయి. వాటి యజమానుల్లో రెండు వర్గాలు. ఒకరు పాయింట్లు తీసేయించి ఎలక్ట్రానిక్ కిట్టు వేయించుకుంటారు. రెండోవారు సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పాయింట్ల సెట్టు, కండెన్సరు వెతికి కొని, టూల్‌బాక్సులో వేసుకుని తిరుగుతారు. మొదటివాళ్లకు అమ్మీటరు ముల్లు మునుపటిలా ఆడకపోవచ్చు. రెండోవాళ్లు ఇప్పటికీ దాన్ని చూశాకే కిక్కు మీద కాలు వేస్తారు.