కళాశాల ఎంపిక.. సంతకానికి ముందే సరిచూసుకోవాలి

ఆగిరిపల్లి: తోటల్లో మామిడి కోతలు ముగింపునకు వచ్చే రోజుల్లోనే ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థుల ఇళ్లలో పై చదువుల చర్చ మొదలవుతుంది. ప్రవేశ పరీక్ష ర్యాంకులు వెలువడగానే కళాశాలల ప్రతినిధులు గ్రామాల బాట పడతారు. రంగురంగుల కరపత్రాలు, ఉచిత బస్సు, ల్యాప్‌టాప్, ఉద్యోగం ఖాయమన్న హామీలు ఇంటి గుమ్మం వరకు వస్తాయి. ఆ హడావుడిలో ఇచ్చిన ఒక పాస్‌వర్డు, చేతికి అందించిన ఒక ధ్రువపత్రం విద్యార్థి నాలుగేళ్ల భవితను నిర్ణయిస్తాయి. మామిడి రైతుకు రాబడి ఏడాదికి ఒక్కసారే. ఆ డబ్బుతో కట్టే ఫీజు వృథా అయితే తిరిగి సమకూర్చుకోవడానికి మరో కాపు వరకు ఆగాల్సిందే. అందుకే ఎవరి మాటపైనా ఆధారపడకుండా విద్యార్థి, తల్లిదండ్రులు స్వయంగా పరిశీలించి నిర్ణయం తీసుకోవడం అవసరం.

ముందు కోర్సు.. ఆ తర్వాతే కళాశాల

చాలామంది కళాశాల పేరు ముందు నిర్ణయించుకుని, అక్కడ ఏ సీటు దొరికితే అందులో చేరుతున్నారు. ఇది తలకిందుల పద్ధతి. ఏం చదవాలన్నది తేల్చుకున్న తర్వాతే ఎక్కడ చదవాలన్నది చూడాలి.

ఎంపీసీ విద్యార్థులకు ఇంజనీరింగ్ ఒక్కటే దారి కాదు. గణితం, భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం వంటి సబ్జెక్టులతో డిగ్రీ చేసి పీజీకి, పోటీ పరీక్షలకు వెళ్లవచ్చు. ఇంజనీరింగ్‌లోనూ స్నేహితులు చేరుతున్నారని ఒకే బ్రాంచి వెంట పడకుండా, ఆ బ్రాంచిలో మొదటి రెండేళ్లు ఏ పాఠాలు ఉంటాయో ముందే పాఠ్య ప్రణాళికలో చూసుకోవాలి. అది విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తుంది.

బైపీసీ విద్యార్థులకు మన ప్రాంతం చుట్టూనే మంచి అవకాశాలున్నాయి. నూజివీడులో మామిడి పరిశోధన స్థానం ఉంది. అది వెంకటరామన్నగూడెం కేంద్రంగా 2007లో ఏర్పాటైన ఉద్యాన విశ్వవిద్యాలయ పరిధిలోనిది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. వ్యవసాయ, ఉద్యాన డిగ్రీల్లో రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉన్న సంగతి చాలామందికి తెలియడం లేదు. ఇందుకు గ్రామీణ ప్రాంతంలో చదివినట్లు ధ్రువపత్రాలు, కుటుంబానికి భూమి ఉన్నట్లు పత్రాలు కావాలి. ప్రకటన వెలువడ్డాక పరుగులు తీయకుండా వీటిని ముందే సిద్ధం చేసుకోవాలి.

డిగ్రీలో చేరేవారు విధానంలో వచ్చిన మార్పులను గమనించాలి. రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆన్‌లైన్‌లోకి మారాయి. 2021-22 నుంచి డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమానికి మళ్లింది. 2023-24లో మూడు సబ్జెక్టుల పాత పద్ధతి స్థానంలో ఒకే ప్రధాన సబ్జెక్టు విధానం తెచ్చారు. ఏ సబ్జెక్టు ప్రధానమో, దానికి తోడు ఏమేం చదవాలో ఆ ఏడాది ప్రకటనలో చూసి, కళాశాలలో అడిగి తెలుసుకున్నాకే దరఖాస్తు చేయాలి. ప్రధాన సబ్జెక్టును బట్టే పీజీ, బీఈడీ అవకాశాలు ఉంటాయి.

ఇంట్లో పదో తరగతి చదివే తమ్ముడో, చెల్లెలో ఉంటే నూజివీడు ట్రిపుల్ ఐటీ గురించి ఇప్పుడే ఆలోచించాలి. 2008లో ప్రారంభమైన ఈ సంస్థలో ప్రవేశాలు పదో తరగతి ప్రతిభ ఆధారంగా జరుగుతాయి. రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు.

కరపత్రం కాదు.. కాగితాలు చూడాలి

కళాశాల నాణ్యతను తెలిపే ఆధారాలు కొన్ని అందరికీ అందుబాటులో ఉన్నాయి. ఇంజనీరింగ్ కళాశాలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) అనుమతి, విశ్వవిద్యాలయ అనుబంధం తప్పనిసరి. అనుమతి ఏ బ్రాంచికి, ఎన్ని సీట్లకు ఉందో చూడాలి. అధ్యాపకుల వివరాలు, ఫీజు, వసతులను కళాశాల తన వెబ్‌సైట్‌లో తప్పనిసరిగా ప్రకటించాలన్న నిబంధన ఉంది. ఆ పేజీయే లేకపోతే అనుమానించాల్సిందే.

న్యాక్ గుర్తింపు మొత్తం కళాశాలకు వర్తిస్తుంది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కొక్క బ్రాంచికి విడివిడిగా ఇస్తారు. కళాశాలకు ఎన్‌బీఏ ఉందని చెబితే, మనం చేరబోయే బ్రాంచికి ఉందా, గడువు ముగిసిందా అని అడగాలి. 'అటానమస్' అంటే పరీక్షలు, పాఠ్యాంశాల నిర్వహణలో కళాశాలకు స్వేచ్ఛ ఉందని మాత్రమే అర్థం. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయమే.

కాగితాల తర్వాత కళ్లతో చూడాలి. ముందుగా చెప్పకుండా, పనిదినాన వెళ్లాలి. ప్రయోగశాలలు తెరిచి ఉన్నాయా, గ్రంథాలయంలో విద్యార్థులు కనిపిస్తున్నారా, తరగతులు సమయానికి జరుగుతున్నాయా అన్నది గంటసేపట్లో తెలిసిపోతుంది. కార్యాలయంలో చెప్పే మాటల కన్నా, బయట బస్టాపులో నిలబడ్డ రెండో సంవత్సరం విద్యార్థులు చెప్పే మాట విలువైనది. మొదటి ఏడాదిలో ఎంతమంది అన్ని సబ్జెక్టుల్లో ఉత్తీర్ణులయ్యారు, మధ్యలో ఎందరు అధ్యాపకులు మారారు అన్న రెండు ప్రశ్నలు వారిని అడిగితే చాలు. ఉద్యోగాల విషయంలో 'ఎంతమందికి వచ్చాయి' అని కాకుండా 'మా బ్రాంచిలో ఎంతమందికి, ఏ సంస్థల్లో, ఎంత జీతానికి వచ్చాయి' అని అడగాలి.

దూరం కూడా ఒక లెక్కే. ఆగిరిపల్లి నుంచి అటు నూజివీడు, ఇటు నున్న మీదుగా విజయవాడ, మరోవైపు గన్నవరం వెళ్లే మార్గాలున్నాయి. మండలంలోని పోతవరప్పాడులోనూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. రోజుకు మూడు గంటలు బస్సులో గడిపే విద్యార్థికి చదువుకునే ఓపిక మిగలదు. వసతిగృహంలో చేరితే ఖర్చు పెరుగుతుంది. ఆర్టీసీ విద్యార్థి పాస్ వర్తిస్తుందా, సాయంత్రం ప్రయోగ తరగతుల తర్వాత ఊరికి బస్సు ఉందా అన్నది, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, చేరకముందే తేల్చుకోవాలి.

నాలుగేళ్ల ఖర్చు ఒకేసారి లెక్కించాలి

మొదటి ఏడాది ఫీజు ఒక్కటే చూసి చేరినవారు రెండో ఏడాదికి ఇబ్బంది పడుతున్నారు. బోధన రుసుముతో పాటు ప్రత్యేక, పరీక్ష రుసుములు, బస్సు, వసతిగృహం, పుస్తకాలు, ప్రాజెక్టు ఖర్చులన్నీ కాగితంపై రాసి నాలుగుతో గుణించాలి. తోట ఒక ఏడాది సరిగా కాయకపోయినా చదువు ఆగకుండా ఉంటుందా అన్నది ఆ లెక్కలోనే తేలాలి.

బోధన రుసుముల చెల్లింపు పథకం ఉమ్మడి రాష్ట్రంలో 2008-09 ప్రాంతంలో విస్తృతంగా అమల్లోకి వచ్చింది. 2020 తర్వాత కొన్నేళ్లు ఆ మొత్తాన్ని తల్లుల ఖాతాల్లో జమ చేశారు. 2024లో మళ్లీ కళాశాలలకే చెల్లించే పద్ధతికి ప్రభుత్వం మారింది. ఏ పద్ధతిలోనైనా కొన్ని షరతులు విద్యార్థి గుర్తుంచుకోవాలి. కన్వీనర్ కోటాలో సీటు పొంది ఉండాలి. ఆదాయ పరిమితికి లోబడాలి. హాజరు 75 శాతానికి తగ్గకూడదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం యాజమాన్య కోటాలో ఉంటాయి. యాజమాన్య కోటాలో చేరి 'తర్వాత రీయింబర్స్‌మెంట్ వస్తుంది' అన్న మాట నమ్మితే భారం మొత్తం కుటుంబంపైనే పడుతుంది.

బ్యాంకు విద్యారుణం మరో మార్గం. రూ.4 లక్షల వరకు సాధారణంగా ఆస్తి హామీ అడగరు. వడ్డీకి అప్పు తెచ్చే ముందు సీటు కేటాయింపు పత్రం, ఫీజు వివరాలతో బ్యాంకును సంప్రదించడం మేలు.

పాస్‌వర్డు ఎవరికీ ఇవ్వొద్దు

ప్రతిసారీ పల్లె విద్యార్థులు మోసపోయేది వెబ్ ఆప్షన్ల దగ్గరే. 'మీకెందుకు శ్రమ, మేం పెడతాం' అంటూ ప్రతినిధులు హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డు తీసుకుంటారు. తమ కళాశాల ఒక్కటే నమోదు చేసి ఖరారు చేసేస్తారు. మంచి ర్యాంకు ఉన్నా సీటు అక్కడే వస్తుంది.

ఎంసెట్‌గా ఏళ్ల తరబడి సాగిన ఈ ప్రవేశ పరీక్షను 2021 నుంచి ఏపీఈఏపీసెట్‌గా వ్యవహరిస్తున్నారు. కౌన్సెలింగ్‌లో రుసుము చెల్లింపు, ధ్రువపత్రాల పరిశీలన, ఆప్షన్ల నమోదు, సీటు కేటాయింపు, కళాశాలలో రిపోర్టు చేయడం అనే దశలుంటాయి. కిందటేడాది ఏ ర్యాంకు వరకు ఏ కళాశాలలో సీటు వచ్చిందో ముందుగా చూసుకోవాలి. కావాల్సిన క్రమంలో కళాశాలలను కాగితంపై రాసుకుని, ఆ క్రమంలోనే నమోదు చేయాలి. ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద ఉండాలి. పది పెట్టినవారి కన్నా యాభై పెట్టినవారికి అవకాశాలు ఎక్కువ. అయితే సీటు వస్తే చేరబోమనుకునే కళాశాలను అసలు పెట్టకూడదు. నెట్ కేంద్రంలో నమోదు చేయించినా విద్యార్థి పక్కనే కూర్చోవాలి. చివర్లో ముద్రిత ప్రతి తీసుకుని, రాసుకున్న కాగితంతో సరిపోల్చాలి. సందేహం ఉంటే ప్రభుత్వం ఏర్పాటు చేసే సహాయ కేంద్రాలకు వెళ్లాలి.

సిద్ధం చేసుకోవాల్సిన పత్రాలు: పది, ఇంటర్ మార్కుల జాబితాలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అర్హులైతే ఈడబ్ల్యూఎస్ పత్రం, ఆధార్, ర్యాంకు కార్డు. ఆగిరిపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరింది. పాత, కొత్త పత్రాల్లో జిల్లా పేరు వేర్వేరుగా ఉండవచ్చు కాబట్టి పేరు, పుట్టిన తేదీ, చిరునామాలను ఒకసారి సరిచూసుకోవాలి.

ధ్రువపత్రాలు.. ఫీజు వాపసు

అసలు ధ్రువపత్రాలను పరిశీలించి వెంటనే తిరిగివ్వాలని, వాటిని తమ వద్ద ఉంచుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులో స్పష్టంచేసింది. మధ్యలో మానేస్తే ఫీజు వాపసుకూ అదే ప్రకటనలో లెక్క చెప్పింది. ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు, అంతకుముందు మానుకుంటే పూర్తి మొత్తం, ఆ తర్వాత చివరి తేదీలోపైతే 90 శాతం, చివరి తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం తిరిగివ్వాలి. పూర్తి వాపసులో నిర్వహణ ఖర్చుల కింద 5 శాతం, గరిష్ఠంగా రూ.5 వేలు మాత్రమే మినహాయించుకోవచ్చని అందులో పేర్కొంది. కాబట్టి కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. మానుకునే నిర్ణయాన్ని నోటిమాటగా కాక, తేదీ వేసి రాతపూర్వకంగా ఇచ్చి నకలు ఉంచుకోవాలి.

మొదటి సెమిస్టరే పునాది

ఇంటర్‌లో ఇంటికీ, కళాశాలకూ మధ్య క్రమశిక్షణ ఎవరో ఒకరు చూసేవారు. డిగ్రీ, ఇంజనీరింగ్‌లో ఆ బాధ్యత విద్యార్థిదే. కౌన్సెలింగ్ చివరి విడతలో చేరినవారికి అప్పటికే కొన్ని వారాల పాఠాలు అయిపోయి ఉంటాయి. వాటిని మొదటి నెలలోనే పూర్తిచేసుకోవాలి.

కాకినాడ జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో సాధారణంగా ఒక్కో పాఠ్యాంశానికి అంతర్గత మార్కులు 30, చివరి పరీక్షకు 70 ఉంటాయి. చివరి పరీక్షలో 35 శాతం, మొత్తంగా 40 శాతం వస్తేనే ఉత్తీర్ణత. హాజరు 75 శాతం ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే తగిన కారణం చూపి మినహాయింపు కోరవచ్చు. 65 కన్నా తగ్గితే ఆ సెమిస్టరు మళ్లీ చదవాల్సిందే. తోట పనులు, పెళ్లిళ్లు, తిరునాళ్ల సెలవులు కలిసి ఈ అంకెను ఎప్పుడు కిందికి లాగుతాయో తెలియదు. నెలకోసారి హాజరు చూసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవారిని మొదట భయపెట్టేది ఆంగ్లం. పాఠం అర్థంకాకపోవడానికి తెలివి తక్కువై కాదు, పదాలు కొత్తవై అని గుర్తించాలి. రోజుకు పది సాంకేతిక పదాలకు తెలుగులో అర్థం రాసుకుంటే సెమిస్టరు ముగిసేనాటికి పుస్తకం చేతికొస్తుంది. మొదటి ఏడాది ఇంజనీరింగ్ పుస్తకాలను ఏఐసీటీఈ తెలుగులోనూ తెచ్చి, ఈ-కుంభ్ పోర్టల్‌లో ఉచితంగా ఉంచింది. ప్రాంతీయ భాషల్లో బీటెక్ బోధనకు 2021లో దేశంలో 14 కళాశాలలకు అనుమతి లభించగా, తెలుగులో బోధనకు ముందుకొచ్చింది మన మండలంలోని పోతవరప్పాడు కళాశాలే. తెలుగులో అర్థం చేసుకుని ఆంగ్లంలో రాయడం తక్కువతనం కాదు.

ర్యాగింగ్‌ను సహించనక్కర్లేదు. 1997 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం అవమానించినా, వేధించినా 6 నెలల వరకు జైలు లేదా జరిమానా ఉంటుంది. గాయపరిచినా, నిర్బంధించినా రెండేళ్ల వరకు శిక్ష పడవచ్చు. జాతీయ సహాయ నంబరు 1800-180-5522కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు.

తల్లిదండ్రులు ఫీజు కట్టడంతో తమ పని అయిపోయిందనుకోకూడదు. సెమిస్టరుకు ఒకసారైనా కళాశాలకు వెళ్లి హాజరు, మార్కులు చూడాలి. ఒక సబ్జెక్టు తప్పితే పిల్లలను నిందించడం వల్ల వారు తర్వాతి ఫలితాన్ని దాచడం తప్ప ప్రయోజనం లేదు. తప్పిన సబ్జెక్టును సప్లిమెంటరీలో రాసుకునే వీలుంది.

అంటుమొక్క కొనేటప్పుడు రైతు ఆకు చూస్తాడు, అంటు కట్టిన చోటు చూస్తాడు, ఏ నర్సరీదో అడుగుతాడు. కాపు చూడటానికి నాలుగైదేళ్లు పడుతుందని ఆయనకు తెలుసు. చదువుకూ పట్టే కాలం దాదాపు అంతే. మొక్కకు చూపే ఆ జాగ్రత్తే పిల్లల కళాశాల విషయంలోనూ అవసరం.