అర్ధణా సంచీ

మన పిల్లాడు హాస్టల్లో పది రూపాయలు తీస్తే 'దొంగ' అని ముద్రేస్తారు. అలాంటప్పుడు నేను క్లాసులో భీమ్ కథ చెబుతాను.

ఐదారేళ్లకే తల్లి భీమాబాయి పోయింది. రాంజీ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అమ్మ నగలు సవతితల్లి ఒంటిమీద కనబడితే భీమ్‌కి ఒళ్లు మండేది. నాన్న తిండి తిననంటూ బొంబాయి మిల్లుకు పోదామనుకున్నాడు. రైలు చార్జీకి మేనత్త నడుముకున్న సంచీ మీద కన్నేశాడు. నాలుగో రాత్రికి చిక్కింది. అందులో ఉన్నది అర్ధణా! (మనిళ్లలో దొంగతనానికి కూడా ఏమీ ఉండదు.) దాంతో చదువుమీద పట్టుబట్టాడు.

మరి తండ్రి? పరేల్ చాల్‌లో ఒక్కటే గది. కొడుకును పెందలాడే పడుకోబెట్టి, తాను రాత్రి రెండింటిదాకా మేలుకుని, అతన్ని చదువుకు లేపాకే నడుం వాల్చేవాడు. పుస్తకాలకు డబ్బుల్లేకపోతే పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తాకట్టు పెట్టేవాడు, పెన్షన్ రాగానే విడిపించేవాడు. 1907లో భీమ్ మెట్రిక్ పాసయ్యాడు.