మందు ఫ్యాక్టరీది, పనితనం పిల్లాడిది

1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలోకి పంపింది. దాంతో అమెరికా పిల్లలకు రాకెట్ల పిచ్చి పట్టుకుంది. పిచ్చి మంచిదే, చేతికి దొరికిన సరుకే మంచిది కాదు. ఇనుప పైపు ముక్క, జింకు పొడి, గంధకం. ఒక కొస మూసి, మందు దట్టించి, వత్తి పెడితే అది ఎగిరితే ఎగిరేది, లేకపోతే పేలేది. పేలిందంటే ఆ ఇనుప పైపే పెంకులు పెంకులుగా చీలి చుట్టూ ఉన్నవాళ్ల మీదికి దూసుకొచ్చేది. వేళ్లు తెగిన, కళ్లు పోయిన కుర్రాళ్ల సంగతులు పత్రికల్లో వస్తుండేవి.

అందరి కథా అలా ముగియలేదు. వెస్ట్ వర్జీనియాలోని కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్లో హోమర్ హికమ్ అనే కుర్రాడి మొదటి ప్రయోగం వాళ్లమ్మ గులాబీతోట కంచెను ఎగరగొట్టింది. ఆ తర్వాత అతనూ స్నేహితులూ కలిసి జింకు పొడిని నాటుసారాతో ముద్దచేసి, గనుల మెషీన్‌షాపులో ఉక్కు గొట్టాలు చేయించుకుని మైళ్ల ఎత్తుకు రాకెట్లు పంపారు. హికమ్ పెద్దయ్యాక నాసాలో ఇంజనీరయ్యాడు. ఆ జ్ఞాపకాలే పుస్తకమై, 1999లో ‘అక్టోబర్ స్కై’ సినిమా అయ్యాయి. చదవడానికి గొప్పగా ఉంటుంది. కానీ కోల్‌వుడ్ పిల్లల వెనక ఉక్కు కోసిపెట్టే మెషీన్‌షాపు, దారి చూపే టీచరమ్మ ఉన్నారు. మిగతా ఊళ్లలో పిల్లలకు అవేవీ లేవు.

వాళ్లకు పనికొచ్చే జవాబు స్పుత్నిక్‌కు మూడేళ్ల ముందే ఒక చెప్పుల కొట్లో తయారై కూర్చుంది.

నెబ్రాస్కా రాష్ట్రం, నార్ఫోక్ అనే చిన్న పట్నం. అక్కడ ఆర్విల్ కార్లైల్‌ది చెప్పుల వ్యాపారం, సరదా మాత్రం బాణసంచా. తమ్ముడో అన్నో గానీ రాబర్ట్‌కు మోడల్ విమానాల మీద మోజు. రాకెట్ ఎలా ఎగురుతుందో నలుగురికీ చేసి చూపించడానికి ఒక బొమ్మ కావాలని రాబర్ట్ అడిగితే, 1954లో ఆర్విల్ తన మందుగుండు విద్యనీ, తోడబుట్టినవాడి విమానాల విద్యనీ కలిపి కాగితపు గొట్టంతో ఒక రాకెట్ చేశాడు. దానికి ‘రాక్-ఎ-చూట్’ అని పేరుపెట్టాడు.

చూడటానికి అది మన దీపావళి తారాజువ్వకు దగ్గరి చుట్టమే. లోపల అదే తుపాకిమందు, పైన అదే కాగితం. తేడాలు మాత్రం లెక్కలోకి వచ్చేవి. తారాజువ్వ తిన్నగా పోవాలంటే వెనకాల పొడుగాటి పుల్ల కావాలి. కార్లైల్ దాని బదులు బాల్సా చెక్క రెక్కలు అతికించాడు. తారాజువ్వ ఒక్కసారికే సరి. కార్లైల్ రాకెట్లో మందున్న గొట్టం విడిగా ఉంటుంది, కాలిపోయాక దాన్ని లాగి పారేసి కొత్తది దూర్చుకోవచ్చు. మందు చివర్లో ఒక చిన్న పేలుడు ముక్కును బయటికి నెట్టి పారాచూట్ విప్పుతుంది, రాకెట్ దెబ్బతినకుండా కిందికి దిగుతుంది. ఎక్కడా లోహం లేదు. ఇంజిన్ లోపల పేలినా చిరిగేది కాగితమే.

కార్లైల్‌కు దీని విలువ తెలుసు, దీన్ని ఎవరికి చూపించాలో తెలియలేదు. ఆ సమయంలో జి. హ్యారీ స్టైన్ అనే యువ ఇంజనీరు న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ క్షిపణి కేంద్రంలో పనిచేస్తున్నాడు. రాకెట్ కేంద్రంలో ప్రమాదాలు జరగకుండా ఎంత జాగ్రత్త పడతారో అతను ఒక పత్రికలో రాసిన వ్యాసం 1957 మొదట్లో కార్లైల్ కంటపడింది. వెంటనే ఉత్తరం రాశాడు, వెనకే రాక్-ఎ-చూట్ నమూనాలూ పంపాడు. స్టైన్ వాటిని ఎగరేసి చూశాడు. పిల్లల ఉత్తరాలు అతనికి అప్పటికే వస్తున్నాయి. మందు ఎలా కలపాలి, పైపు ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియక సతమతమవుతున్నాడు. ఇప్పుడు చెప్పడానికో మాట దొరికింది: మందు జోలికి పోవద్దు, అది ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. మిగతాదంతా నీ పని.

ఈ పని విభజనలోనే మోడల్ రాకెట్ అంతా ఉంది. అంతకుముందు కుర్రాడి తెలివంతా మందు కలపడంలో ఖర్చయ్యేది. ఇకమీద ఆ తెలివి చెక్క కోయడంలోకి, జిగురు పెట్టడంలోకి, రంగు వేయడంలోకి మళ్లాలి.

స్పుత్నిక్ ఎగిరేసరికి స్టైన్ డెన్వర్‌లోని మార్టిన్ కంపెనీలో ఉన్నాడు. అమెరికా ఎందుకు వెనకబడిందో విలేకరులతో నిర్మొహమాటంగా అన్నాడు. ఉద్యోగం ఊడింది. ఊడిన ఉద్యోగం ఈ సరదాకు మేలే చేసిందనాలి. కార్లైల్‌తో కలిసి అతను మోడల్ మిసైల్స్ అనే కంపెనీ పెట్టి కిట్లు అమ్మడం మొదలుపెట్టాడు. అదే ఏడాది పుట్టిన సంఘం తర్వాత నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అయింది. 1958లో కార్లైల్‌కు పేటెంటు వచ్చింది.

కిట్లకు గిరాకీ ఉంది, ఇంజిన్లకే ఇబ్బంది. చేత్తో దట్టించిన మందు ఒకసారి బిగుతుగా, ఒకసారి వదులుగా ఉంటే రెండు ఇంజిన్లు ఒకేలా కాలవు. ఒకటి నూరు మీటర్లు పోతే ఇంకొకటి పట్టాలెక్కకుండానే పేలుతుంది. భద్రత పేరు చెప్పి అమ్మే సరుకులో ఈ తేడా పనికిరాదు. డెన్వర్‌లోనే బాణసంచా వ్యాపారం చేసే ఒక కుటుంబం ఉందని స్టైన్ తెలుసుకున్నాడు. ఆ ఇంటి అబ్బాయి వెర్నన్ ఎస్టెస్. చేత్తో కుదరదు, యంత్రం కావాలన్నాడు.

1959 జనవరిలో ఆ యంత్రం నడిచింది. పేరు మేబెల్. గాలి ఒత్తిడితోనూ, హైడ్రాలిక్స్‌తోనూ పనిచేసే మేబెల్ సుమారు అయిదున్నర సెకన్లకు ఒక ఇంజిన్ చొప్పున బయటికి తోసేది. ఒక్కో కాగితపు గొట్టంలో కింద బంకమట్టితో సన్నని రంధ్రమున్న మూతి, దాని మీద తుపాకిమందు, ఆ పైన నెమ్మదిగా పొగవదులుతూ కాలే మందు, చివర పారాచూట్‌ను నెట్టే పొడి, దాని మీద బంకమట్టి మూత. నెమ్మది మందు ఎందుకంటే, అసలు మందు అయిపోయాక కూడా రాకెట్ తన ఊపుతో ఇంకా పైకి పోతూనే ఉంటుంది. శిఖరానికి చేరేదాకా పారాచూట్ విప్పకూడదు. ఈ అయిదు పొరల గొట్టం ఈనాటికీ దాదాపు అలాగే ఉంది. దానిమీద ‘ఎ8-3’ అని ఉంటే, ఎ అన్నది మొత్తం బలం తరగతి, 8 సగటు తోపు న్యూటన్లలో, 3 అన్నది మందు అయ్యాక పారాచూట్ విప్పేదాకా సెకన్లు. ఎ నుంచి బి, బి నుంచి సి, అక్షరం మారినకొద్దీ బలం రెట్టింపు.

మేబెల్‌కు అలుపు లేదు, కొనేవాళ్లే తక్కువయ్యారు. మోడల్ మిసైల్స్ తప్పుడు వ్యాపార నిర్ణయాలతో త్వరలోనే మూతపడింది. మిగిలిన ఇంజిన్లను ఏం చేయాలి? ఎస్టెస్ వాటిని పోస్టులో నేరుగా అమ్మాడు. ఇంజిన్లు అమ్ముడుపోవాలంటే వాటిని దూర్చడానికి రాకెట్లు కావాలి కనుక, కిట్లు కూడా అమ్మాడు. 1961లో కొలరాడోలోని పెన్‌రోజ్ ఊరి బయట 77 ఎకరాల పొలానికి మారాడు. తుపాకిమందు యంత్రానికి చుట్టూ ఖాళీ నేల ఎంత ఉంటే అంత మంచిది. అదే ఏడాది అరిజోనాలోని ఫీనిక్స్‌లో లీ పైస్టర్, ఆయన భార్య బెట్టీ కలిసి సెంచురీ అనే పోటీ కంపెనీ తెరిచారు.

ఇక కిట్ విప్పి చూద్దాం. ప్లాస్టిక్ సంచీలో ఏముంటుంది? కాగితపు గొట్టం, బాల్సా ముక్కు, రెక్కల గుర్తులున్న పల్చని బాల్సా పలక, రబ్బరు తాడు, పారాచూట్, నీటిలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు, ఒక సూచనల కాగితం. గొట్టానికి పక్కన అతికించే చిన్న పుల్ల గొట్టం ఒకటి. ప్రయోగానికి నిలబెట్టే ఇనుప కడ్డీ అందులోంచి దూరుతుంది. ఇంతే. మిగతాదంతా ఓపిక.

మొదటి చిక్కు రెక్కలది. బాల్సా మన కొండపల్లి బొమ్మల పొణికి కర్రలాగే తేలిక, మెత్తన. గోరు గీస్తే గాటు పడుతుంది. దాన్ని ఎటు కోశామన్నదే ప్రాణం. చెక్క నార రెక్క ముందంచుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా కోసేసి అతికిస్తే నేల మీద ఎంత గట్టిగా కనిపించినా, గాలి దెబ్బకు మొదలంటా విరిగిపోతుంది. రెక్క విరిగిన రాకెట్ తిన్నగా పోదు, అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంది. సూచనల కాగితంలో బాణం గుర్తు పెట్టి మరీ చెప్పే సంగతి ఇదే. చదవని వాళ్లూ ఉంటారు. వాళ్లకు రాకెట్టే చెబుతుంది.

రెక్కలు అతికించే చోట గొట్టం మీద తిన్నని గీతలు గీయాలి. గుండ్రటి గొట్టం మీద స్కేలు నిలవదు. పాత చేతులు ఏం చేస్తాయంటే, గొట్టాన్ని తలుపు చట్రం మూలలో ఆనించి, చట్రం అంచు వెంట పెన్సిలు లాగుతాయి. గీత వంకరపోదు. ఆ గీత మీద రెక్క నిలిపి, తెల్ల జిగురు ఆరాక, రెక్కకూ గొట్టానికీ మధ్య మూలలో ఇంకొక పూత జిగురు పోసి వేలితో నున్నగా లాగాలి. ఆ వంపు బలానికి బలం, పైన పోయే గాలికి దారీ.

నునుపు పని అక్కడ మొదలవుతుంది. బాల్సాలో నారల మధ్య సన్నటి గుంతలుంటాయి. నేరుగా రంగు వేస్తే చెక్క తాగేస్తుంది, ఎన్ని పూతలు వేసినా గీతలు పైకి తేలతాయి. అందుకే ముందు సీలర్ పూసి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్దాలి. కాగితపు గొట్టానికి కూడా చుట్టూ మరచుట్టులా ఒక సన్నని గాడి ఉంటుంది, కాగితం చుట్టిన చోట. దాన్ని లప్పంతో పూడ్చి సమం చేయాలి. ఆ పైన ప్రైమర్, ఆ పైన రంగు. రుద్దుడుకు ఫలితం అందం ఒక్కటే కాదు. గరుకు ఒంటితో వెళ్లే రాకెట్‌ను గాలి పట్టి లాగుతుంది, నున్నటిది అదే ఇంజిన్‌తో ఇంకాస్త ఎత్తుకు పోతుంది. మరీ మురిసిపోయి ఎక్కువ పూతలు వేస్తే బరువు పెరిగి ఆ లాభం పోతుంది. ఎక్కడ ఆగాలో చేతికే తెలియాలి.

పారాచూట్ కట్టే రబ్బరు తాడును గొట్టం లోపల ఎలా బిగించాలన్నది ఇంకొక చిన్న ముడి. చిన్న కాగితం ముక్కలో తాడు కొసను పెట్టి, జిగురు రాసి మడతమీద మడత పెట్టి, ఆ పొట్లాన్ని గొట్టం గోడకు లోపల నొక్కి పట్టుకోవాలి. పారాచూట్ చుట్టే ముందు దాని మీద పిల్లల పౌడరు చల్లేవాళ్లూ ఉన్నారు, ప్లాస్టిక్ తనకు తానే అంటుకోకుండా. ఇంజిన్‌కూ పారాచూట్‌కూ మధ్య మంటకు అంటుకోని కాగితం కూరాలి. అది మరచిపోతే పైన విచ్చుకునేది పారాచూట్ కాదు, కరిగిన ప్లాస్టిక్ ముద్ద.

ఇంత చేశాక తిన్నగా ఎగురుతుందా? మొదట్లో దీనికి ఒకటే పరీక్ష: ఇంజిన్ పెట్టి, బరువు తూగే చోట దారం కట్టి, తల చుట్టూ తిప్పడం. ముక్కు ముందుకు పెట్టి తిరిగితే సరే. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో ఇంజనీరుగా ఉన్న జేమ్స్ బారోమన్ 1966లో అమెరికా జాతీయ పోటీల దగ్గర ఒక పత్రం సమర్పించాడు. రెక్కల కొలతలనుబట్టి, గాలి నెట్టుడు ఏ బిందువు దగ్గర పనిచేస్తుందో స్కూలు పిల్లవాడు కాగితం మీద లెక్కగట్టగల సూత్రాలవి. ఆ బిందువు బరువు కేంద్రానికి వెనకాలే ఉండాలి. ఈ రోజు కంప్యూటర్లలో రాకెట్ గీసే ప్రోగ్రాములు కూడా ఆ సూత్రాల మీదే నడుస్తాయి.

అరవయ్యో దశకం ఈ సరదాకు పట్టపగలు. 1965లో ఎస్టెస్ కంపెనీ కామ్‌రాక్ అనే కెమెరా ముక్కు తెచ్చింది. గుండ్రంగా కత్తిరించిన ఫిల్ము ముక్క మీద ఒక ఎగురుడుకు ఒకే ఫోటో. అది కింద ఉన్న పొలాన్ని తీసిందో, ఒట్టి ఆకాశాన్ని తీసిందో కడిగితే గానీ తెలిసేది కాదు. 1969లో ఎస్టెస్‌ను డేమన్ అనే కంపెనీ కొనుక్కుంది, తర్వాత సెంచురీ కూడా అదే గూటికి చేరింది. చంద్రుడి మీద మనిషి దిగిన ఆ ఏడాదే అసలులో నూరోవంతు సాటర్న్-5 కిట్ వచ్చింది. 1972లో యుగోస్లావియాలోని వ్ర్షాచ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి.

ఎస్టెస్ వాళ్ల ఆల్ఫా అనే చిన్న కిట్‌నే చూస్తే మారిన రుచులు తెలుస్తాయి. అరవయ్యో దశకపు ఆల్ఫాకు బాల్సా రెక్కలు, పైన చెప్పిన రుద్దుడంతా దానికి కావాలి. డెబ్బయ్యో దశకం మొదట్లో ఆల్ఫా-3 వచ్చింది: ప్లాస్టిక్ రెక్కలన్నీ ఒకే ముక్కగా, గొట్టం కింద దూర్చేస్తే చాలు. సాయంత్రం మొదలెట్టి సాయంత్రమే ముగించవచ్చు. ఆ తర్వాత సంచీలోంచి తీసి నేరుగా ఎగరేసే రకాలూ వచ్చాయి. అవి వచ్చాక జిగురు డబ్బా, ఉప్పుకాగితం చాలామంది ఇళ్లలో అవసరం లేకుండా పోయాయి. అయినా బాల్సా ఆల్ఫాను కంపెనీ ఆపలేదు. 2018లో ఎస్టెస్‌ను కొన్నది జాన్ లాంగ్‌ఫర్డ్ కుటుంబం. అరోరా ఫ్లైట్ సైన్సెస్ అనే విమాన సంస్థను స్థాపించిన లాంగ్‌ఫర్డ్ తానే చిన్నప్పుడు ఈ కిట్లు అతికించినవాడు. కంపెనీ ఇప్పటికీ పెన్‌రోజ్‌లోనే ఉంది. జాబితాలో రెండు ఆల్ఫాలూ ఉన్నాయి. ప్లాస్టిక్ రెక్కలది కొత్తవాళ్లకు ప్రయోగ కడ్డీతో కలిపి పెట్టెలో వస్తుంది, బాల్సా రెక్కలది తరగతి గదుల కోసం డజను కిట్ల కట్టగా కూడా దొరుకుతుంది.