కంపెనీ బండి

ఖమ్మంలో మా అమ్మమ్మ రైలును ‘కంపెనీ బండి’ అనేది. సర్కారు రైలుకు ఆ పేరేమిటని నవ్వేదాన్ని. చదివాక తెలిసింది, నిజానికి నవ్వాల్సింది ఆవిడ, నన్ను చూసి!

సికింద్రాబాదు నుంచి వాడీకి 1874లో నిజాం ఖర్చుతోనే రైలు పడింది. 1883లో దాన్ని లండను కంపెనీకి అప్పగించి, చాందా వైపూ బెజవాడ వైపూ పొడిగించే బేరం కుదురుతోంది. షరతు వినండి: పెట్టుబడి మీద ఏటా 5 శాతం, 20 ఏళ్లపాటు, నిజాం హామీ! బండి నిండినా, ఖాళీగా పోయినా వాటాదార్లకు డబ్బు ముట్టవలసిందే. మన చీటీపాటల్లో కూడా ఇంత ధీమా ఉండదు కదా!

‘ఆ షరతులేవో జనానికి చెప్పండి’ అని అడిగినవాళ్లలో అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. మన సరోజినీదేవి నాన్నగారే. అడిగినందుకు ఉద్యోగం ఊడింది, ఊరు విడిచిపొమ్మన్నారు. పిల్లకప్పటికి నాలుగేళ్లు. కవిత్వం రాసే ఆ ఇల్లాలు వరదసుందరీదేవి ఉన్నపళంగా ఇల్లెలా సర్దుకుందో! నా మనసు ఒప్పందం కన్నా అక్కడే ఆగిపోతుంది.

ఆయన్ని తర్వాత వెనక్కి పిలిచారు లెండి. రైలు మాత్రం ఆగలేదు. 1889లో బెజవాడ చేరింది. 1930లో నిజాం ప్రభుత్వమే కంపెనీ దగ్గర దాన్ని కొనుక్కుంది.

అమ్మమ్మ నోట మాత్రం అది చివరిదాకా కంపెనీ బండే.