పెరటి చెట్టు వైద్యం

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనలో ఒక సామెత ఉన్నది. సామెత సంగతి ఎలా ఉన్నా, ఇంట్లోని పురుగూ పుట్రా విషయంలో మన అమ్మమ్మలూ నాయనమ్మలూ నమ్ముకున్నది ఆ పెరటి చెట్టునే. దోహా ఫ్లాట్లలో కాపురాలు చేస్తున్న మనకు పెరడు లేదు, పురుగులు మాత్రం ఉన్నాయి. కనుక ఆ పాత వైద్యం ఏమిటో, అది డబ్బా మందుగా ఎట్లా మారిందో, అందులో మనం ఉంచుకోవలసిందేదో, వదులుకోవలసిందేదో ఒకసారి చూద్దాము.

మన పల్లెటూళ్ళలో ధాన్యం గాదెల్లోనూ, గుమ్ముల్లోనూ, పాతరల్లోనూ ఉండేది. వాటిలో వేపాకు, వావిలాకు వేసేవారు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేవారు. పప్పుకు ఆముదం రాసేవారు. గింజపై నూనె పొర ఉంటే పురుగు పెట్టిన గుడ్డుకు ఊపిరాడదు. నల్లులు పట్టిన నులక మంచాన్ని నడివేసవి ఎండలో వేసి, కోళ్ళ సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసేవారు. సాయంకాలం దోమలకు వేపాకు పొగ, సాంబ్రాణి పొగ. ఇదంతా చాలావరకు ఆచారంగానే నడిచింది.

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధం రుజువైంది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అదే కాలంలో జపానువారు ఒక చామంతి జాతి పువ్వు పొడితో దోమల చుట్టను తయారుచేశారు. అంటే మనం వెలిగించే చుట్ట కూడా మొదట పూలమందే. నేడు అందులో ఉండేది చాలావరకు ఆ పువ్వు గుణాన్ని అనుకరించి కర్మాగారంలో చేసిన రసాయనం.

1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డి.డి.టి. శక్తిని కనిపెట్టాడు, 1948లో ఆయనకూ నోబెల్ వచ్చింది. మన దేశంలో 1953లో మలేరియా నియంత్రణ పథకం మొదలై, ఊరూరా గోడలకు డి.డి.టి. కొట్టారు. ఫలితం అద్భుతమే. ఏటా ఏడున్నర కోట్ల మందికి వచ్చేదనుకున్న జ్వరం 1960ల నడుమకు లక్ష కేసులకు దిగింది. కాని దోమ మందుకు అలవాటు పడింది, మనుషుల్లో శ్రద్ధ సడలింది. 1976 నాటికి కేసులు మళ్ళీ 64 లక్షలకు ఎగబాకాయి. ఒక్క మందునే నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఆ కాలంలోనే లోకం మళ్ళీ చెట్టు వైపు చూసింది. 1959లో సూడానులో మిడతల దండు పచ్చని ఆకన్నది లేకుండా మేసిపోగా, వేపచెట్లు మాత్రం నిలిచి ఉండటం జర్మనీ శాస్త్రవేత్త ష్ముట్టెరర్ గమనించాడు. 1968లో ఇంగ్లండులో వేపగింజ నుండి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఇది పురుగును తిండి మాన్పిస్తుంది, ఎదగనివ్వదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనేవారు ఇక ఊరుకుంటారా? బూజు తెగుళ్ళకు వేపనూనె వాడే ఒక పద్ధతిపై అమెరికా సంస్థలకు 1994లో ఐరోపా పేటెంటు దక్కింది. మనవారు ఎదురు తిరిగారు. 2000లో అది రద్దయింది, 2005లో ఆ తీర్పే ఖాయమయింది. ఆ కేసులో బాగా పనికివచ్చినది, అంతకు ముందే వేపనూనెను అదే విధంగా తీసిన మన దేశపు తయారీదారు సాక్ష్యం. తాతలు చేశారని చెబితే చాలదు, ఎప్పుడు ఎట్లా చేశారో రుజువు ఉండాలి. ఇక 2000ల మొదటి ఏళ్ళలో, అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామ రైతులు వేపగింజల కషాయం వంటి వాటితో సేద్యం చేసి, రసాయన మందులకు స్వస్తి చెప్పడం మనకందరికీ గర్వకారణం.

ఖతార్‌లో వేప పరాయిది కాదు. దోహా వీధుల్లో నీడకోసం పెంచిన వేపచెట్లు ఉన్నాయి. మక్కా దగ్గర అరఫాత్ మైదానంలో యాత్రికుల నీడకై వేలకొద్దీ వేపలు నాటారు. సూక్ వాకిఫ్‌లో దొరికే లుబాన్ మన సాంబ్రాణికి దగ్గరి చుట్టమే. మన రేగుకు బంధువైన సిద్ర్ చెట్టు ఆకుతో ఇక్కడివారు, కుంకుడుకాయతో మనవారు తలంటుకున్నారు.

అయితే ఇక్కడి ప్రమాదం ఒకటి గట్టిగా చెప్పక తప్పదు. గిడ్డంగుల్లో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలను నల్లులకూ బొద్దింకలకూ ఇళ్ళలో పెట్టేవారున్నారు. గాలిలోని తేమ తగలగానే వాటి నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. అది గోడ సందుల గుండా, ఏ.సి. గొట్టాల గుండా పక్క ఫ్లాటుకు పాకుతుంది. గల్ఫ్ నగరాల్లో పొరుగువారు పెట్టిన బిళ్ళలవల్ల పసిపిల్లలు చనిపోయిన వార్తలు ఒకటికి రెండు మార్లు వచ్చాయి. వాంతులు, కడుపునొప్పితో మొదలవుతుంది గనుక తిండి పడలేదనుకొని పొరబడతారు. విరుగుడు మందు లేదు. అనుమానం వస్తే పిల్లలతో బయటి గాలిలోకి వచ్చి 999కి ఫోన్ చేయాలి.

అట్లాగని చెట్టు మందులన్నీ నిరపాయం అనుకోరాదు. వేపనూనె పసిబిడ్డల నోట పోస్తే ప్రాణం మీదికి వస్తుంది. పేలకు వాడే సీతాఫలం గింజల పొడి కంట పడితే చూపుకే ముప్పు. కర్పూరం బిళ్ళ పిల్లలు మింగితే మూర్ఛ వస్తుంది. బోరిక్ పొడి కూడా పిల్లలకు అందని చోటనే చల్లాలి.

మరి మనం చేయగలిగిందేమిటి? ముక్కు పురుగు గింజ లోపలే గుడ్డు పెడుతుంది. వేపాకు పురుగును కొంత తరుముతుందే గాని లోపలి గుడ్డును చంపలేదు. కనుక కొత్త బియ్యాన్ని కొద్దికొద్దిగా నాలుగు రోజులు ఫ్రీజరులో ఉంచి, ఆ పిమ్మట మూత గట్టి డబ్బాలో వేపాకుతో, ఎండుమిరపతో పోసుకోవచ్చు. చీమలు వాసన బాట పట్టి నడుస్తాయి. సబ్బునీళ్ళతో ఆ బాట తుడిస్తే దారి తప్పుతాయి. నల్లికీ దాని గుడ్డుకూ 50 డిగ్రీల వేడి చావు. ఆనాటి నులక మంచం సూత్రమే నేటికీ పని చేస్తుంది, దుప్పట్లను ఆవిరి పుట్టే వేడినీళ్ళలో ఉతికి వేడిగా ఆరబెట్టండి. బొద్దింకకు రాత్రి సింకు పొడిగా ఉంచడమే మొదటి మందు. వీటికి లొంగకపోతే, అనుమతి ఉన్నవారినే పిలవండి, ఏ మందు కొడుతున్నారో పేరు అడగండి, పై ఇంటివారికీ పక్క ఇంటివారికీ ముందుగా చెప్పండి.

వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, ధాన్యం ఎట్లా దాచేవారో పెద్దలనడిగి, ఊరి పేరుతో, ఏ కాలంలో చేసేవారో కూడా వ్రాసుకురావలసిందిగా మనవి. కాగితం మీదికెక్కని తెలివి ఒక తరంతోనే పోతుంది.