కంప్యూటర్ అడంగల్

తణుకు తాలూకాలో ఏ చేలో సార్వా ఒక్కటే పండింది, ఏ చేలో దాళ్వా కూడా వేశారు అన్నది 1984 దాకా కరణం రాసిన మాట. అడంగల్‌లో ఆయన ఎలా ఎక్కిస్తే నీటి తీరువా అలా పడేది. చేను రైతుదే, కష్టమూ రైతుదే, ఆ రెండింటి సంగతీ రాసిన పుస్తకం మాత్రం కరణంగారి దగ్గర. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. 2015లో ‘మీ భూమి’ వెబ్‌సైటు వచ్చాక సర్వే నంబరు కొట్టి ఎవరి అడంగల్ వాళ్లే చూసుకుంటున్నారు. అదే తణుకులో ఇప్పుడు ల్యాప్‌టాప్ కొనుక్కున్నవాడి పరిస్థితి చాలావరకు పాత రైతు పరిస్థితే. యంత్రం తనది, కరెంటు బిల్లు తనది. ఆ కరెంటును యంత్రం ఎలా వాడాలో రాసిన దస్త్రం ఒకటి ఉందన్న సంగతే తెలియదు. ఒక్క తేడా ఉంది: ఈ దస్త్రానికి తాళం లేదు.

దీని పుట్టుక వెనుక ఒక అధికార మార్పిడి ఉంది. 1990ల మొదట్లో పీసీల కరెంటు పొదుపంతా బయోస్ చేతిలోనే ఉండేది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్ 1992లో తెచ్చిన ఏపీఎం పద్ధతిలో ఆపరేటింగ్ సిస్టం మనవి చేసుకోగలిగేది, అంతే. నిర్ణయం బోర్డు మీది చిప్‌లో కూర్చున్న ప్రోగ్రాముది. దాన్ని రాసేది ఫీనిక్స్, అవార్డ్, సుబ్రమణియన్ శంకర్ తదితరులు 1985లో అమెరికాలో పెట్టిన అమెరికన్ మెగాట్రెండ్స్ వంటి కొద్ది సంస్థలు. యజమాని ఏం పని మీద ఉన్నాడో ఆ చిప్‌కు తెలిసే దారి లేదు. ఈ తిప్పలు వదిలించుకోవడానికి 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ ప్రమాణాన్ని ప్రకటించాయి. నిర్ణయాధికారం ఆపరేటింగ్ సిస్టంకు వెళ్లింది. ఈ బోర్డు మీద ఏమేం ఉన్నాయి, దేన్ని నిద్రపుచ్చాలంటే ఏం చేయాలి అన్నది పట్టికలుగా రాసి మెమరీలో పెట్టడం ఫర్మ్‌వేర్, అంటే ఆ చిప్‌లోని ప్రోగ్రాము, వంతయింది. నా వాదనకు మూలం ఇక్కడే ఉంది. యజమాని హక్కును తలచుకుని ఎవరూ ఈ దస్త్రాన్ని తెరవలేదు. ఒక సంస్థ రాసింది ఇంకో సంస్థ చదవాలంటే లిపి ఇద్దరికీ తెలియాలి, అందుకని లిపిని అచ్చువేశారు. అచ్చయిన లిపిని మూడోవాడు నేర్చుకోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు.

నేర్చుకున్నవాళ్లలో ముందున్నది లినక్స్ వాడేవాళ్లు. టెర్మినల్‌లో ‘ఏసీపీఐడంప్’ అని కొడితే పట్టికలన్నీ అంకెల రూపంలో బయటికొస్తాయి. ‘ఏసీపీఐఎక్స్‌ట్రాక్ట్’ వాటిని దేనికది విడదీస్తుంది. ‘ఐఏఎస్ఎల్’ అనే పనిముట్టు వాటిని మనిషి చదవగల భాషలోకి తిప్పుతుంది. దాదాపు ప్రతి పట్టికకూ మొదటి 36 బైట్లు తలకట్టు. నాలుగక్షరాల పేరు, పొడవు, తయారీదారు గుర్తు, చివర్లో ఏ కంపైలర్‌తో తయారైందో చెప్పే నాలుగక్షరాలు అందులోనే ఉంటాయి. మధ్యలో ఒక బైటును లెక్క సరిచూసుకోవడానికే పెట్టారు: పట్టికలోని బైట్లన్నీ కూడితే మొత్తంలో చివరి బైటు సున్నా కావాలి, కాకపోతే ఎక్కడో చెడిందన్నమాట. వీటిలో సాధారణంగా పెద్దది డీఎస్‌డీటీ. అందులో అంకెలే కాదు, ఆజ్ఞలూ ఉంటాయి. బ్యాటరీని ఏమని అడగాలి, మూత వేస్తే ఎవరికి చెప్పాలి, ఏయే నిద్రలు సాధ్యం అన్నవన్నీ చిన్న చిన్న ప్రోగ్రాములుగా రాసి ఉంటాయి.

చదివినకొద్దీ బయటపడింది చిన్న సంగతి కాదు. పట్టికలను తయారుచేసే కంపైలర్లలో మైక్రోసాఫ్ట్‌ది చూసీ చూడనట్టు వదిలేసిన తప్పులను ఇంటెల్‌ది పట్టుకునేది. 2000ల తొలి సంవత్సరాల్లో ఎందరో తమ ల్యాప్‌టాప్ డీఎస్‌డీటీని తామే దిద్దుకుని వాడుకున్నారు. ఇంకా విచిత్రం, పట్టికే ఆపరేటింగ్ సిస్టంను ‘నువ్వు ఫలానా విండోస్‌వేనా?’ అని అడిగి, జవాబును బట్టి దారి మార్చుకుంటుంది. విండోస్ కాదంటే వచ్చే దారిని తయారీదారు సరిగా పరీక్షించి ఉండకపోవచ్చు. అందుకే లినక్స్ కూడా అవుననే చెబుతుంది. 2.6.23 వెర్షన్ నుంచి ‘లినక్స్‌వేనా?’ అని అడిగితే మాత్రం కాదంటుంది! నవ్వొచ్చే సంగతే, కానీ వ్యవహారజ్ఞానం. 1999 జనవరిలో బిల్ గేట్స్ తన సహచరులకు రాసిన ఒక మెయిల్ తర్వాత అమెరికాలోని అయోవా రాష్ట్రంలో నడిచిన కేసులో బయటికొచ్చింది. ఏసీపీఐ కోసం తమవాళ్లు పడ్డ శ్రమ లినక్స్‌కు ఉచితంగా పోతోందే, దీన్ని విండోస్‌కు మాత్రమే ఉపయోగపడేలా చేయలేమా అన్నది దాని సారాంశం. అది ఆలోచన, అమలైందనడానికి రుజువు కాదు. పట్టికల్లోని తప్పులకు కుట్ర కన్నా బద్ధకమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

కరణంతో పోలిక అన్యాయం అనవచ్చు. కరణం లెక్కకు ఏటా జమాబందీ ఉండేది, పైఅధికారి వచ్చి సరిచూసేవాడు. నిజమే. ఫర్మ్‌వేర్‌కూ ఒక జమాబందీ ఉంది, అది విండోస్ ధ్రువీకరణ పరీక్ష. పరీక్షించేది ఒక్కరే అయినప్పుడు రాసేవాడు ఆ ఒక్కరి మెప్పు కోసమే రాస్తాడు. అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకోటి: మామూలు మనిషికి ఇదంతా ఎందుకు? అడంగల్‌ను కూడా ఊరంతా చదవలేదు. చదవగలిగిన నలుగురు ఊళ్లో ఉన్నారన్న ఎరుక రాసేవాడి చెయ్యి అదుపులో పెడుతుంది. 2018లో లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ ఆరో తరం ల్యాప్‌టాప్ విషయంలో ఇది కళ్లకు కట్టింది. ఎస్3 అనే నిద్రలో మెమరీ తప్ప దాదాపు అన్నీ ఆగిపోతాయి, బ్యాటరీ నిలుస్తుంది. ఆ మోడల్‌లో విండోస్ కొత్త పద్ధతి కోసం ఎస్3ని పట్టికలోంచి తీసేశారు. లినక్స్‌లో మూత వేసి సంచిలో పెట్టినా బ్యాటరీ కరిగిపోసాగింది. కొందరు డీఎస్‌డీటీని విప్పి, లేని ఎస్3 పద్దును తామే చేర్చి, పని చేస్తుందని నిరూపించారు. ఆ ఏడాదే లెనోవో బయోస్‌లో నిద్ర పద్ధతిని ఎంచుకునే వీలు ఇచ్చింది. చదివినవాళ్లు కొద్దిమందే, ఫలితం ఆ మోడల్ కొన్నవాళ్లందరికీ దక్కింది.

తెలియనివాళ్లు వేలుపెడితే యంత్రం పాడవదా అన్నది మిగిలిన ప్రశ్న. దిద్దడం వేరు, చూడడం వేరు. తప్పుగా దిద్దితే యంత్రం మొరాయిస్తుంది, చూస్తే ఏమీ కాదు. చూడకపోవడం వల్లనే నష్టం జరిగిన సందర్భం కూడా ఉంది. ఈ పట్టికల వరసలోనే డబ్ల్యూపీబీటీ అని ఒకటుంది. తయారీదారు అందులో పెట్టిన ప్రోగ్రామును విండోస్ తనంతట తానే నడుపుతుంది, డిస్కు మొత్తం చెరిపి మళ్లీ ఎక్కించినా సరే. 2015లో లెనోవో ఈ దారిన పెట్టిన ప్రోగ్రాములో భద్రతా లోపం బయటపడి, దాన్ని తీసేయాల్సి వచ్చింది. చూడాలనుకునేవాళ్లకు అడ్డేమీ లేదు: ఏసీపీఐ ప్రమాణం 2013 నుంచి యూఈఎఫ్ఐ ఫోరం అనే సంస్థల వేదిక చేతిలో ఉంది, ఎవరైనా ఉచితంగా దించుకుని చదవచ్చు.

పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఒక మాట. దుకాణంలోనే కమాండ్ ప్రాంప్ట్ తెరిపించి ‘పవర్‌సీఎఫ్‌జీ’ తర్వాత ఒక ఖాళీ, స్లాష్, ఏ కొట్టించండి. ఎస్3 ఉందో లేదో తేలిపోతుంది. ఏ బదులు ‘బ్యాటరీరిపోర్ట్’ అని కొట్టిస్తే వచ్చే పేజీలో రెండు అంకెలుంటాయి: బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు నిండా ఎక్కిస్తే ఎంత పడుతోంది. ఆ రెండూ చూశాకే ధర మాట్లాడండి.