స్టాఫర్డ్‌షైర్ బార్న్స్

ఇంగ్లండ్ క్రికెట్ విందులో కౌంటీలకు రెండు పంక్తులు. యార్క్‌షైర్, సర్రే, లాంకషైర్ లాంటి పెద్దవి మొదటి పంక్తిలో కూర్చునేవి. అక్కడ చోటు దొరకని కౌంటీల కోసం 1895లో మైనర్ కౌంటీల చాంపియన్‌షిప్ పుట్టింది. మొదటి ఏడు డరమ్, నార్ఫోక్, వూస్టర్‌షైర్ టైటిల్ పంచుకున్నాయి. మ్యాచ్‌లు రెండు రోజులవి. ఆడేవాళ్లలో చాలామందికి పొట్ట గడవడానికి వేరే పని ఉండేది.

క్రికెట్ చూసిన మహా బౌలర్లలో ఒకడు తన ఆటలో ఎక్కువ కాలం ఈ రెండో పంక్తిలోనే గడిపాడు. అతడు సిడ్నీ బార్న్స్. 1873లో స్టాఫర్డ్‌షైర్‌లోని స్మెథిక్‌లో పుట్టాడు. వార్విక్‌షైర్‌కు కొద్ది మ్యాచ్‌లు ఆడి, లాంకషైర్ లీగ్‌లో క్లబ్బు ప్రొఫెషనల్‌గా కుదురుకున్నాడు. 1901లో లాంకషైర్ కెప్టెన్ ఆర్చీ మెక్‌లారెన్ నెట్స్‌లో అతడి బంతులు ఎదుర్కొని, ఆస్ట్రేలియాకు వెళ్లే ఇంగ్లండ్ జట్టులోకి తీసుకున్నాడు. పెద్దగా పేరు లేని మనిషిని తీసుకెళ్తున్నారేమిటని అంతా ముక్కున వేలేసుకున్నారు. సిడ్నీలో తొలి ఇన్నింగ్స్‌లోనే బార్న్స్ 5 వికెట్లు తీశాడు. మెల్‌బోర్న్ టెస్టులో 13 పడగొట్టాడు.

ఇంత చేసినవాడు లాంకషైర్ కౌంటీ జట్టులో చేరినా 1903 తర్వాత నిలవలేదు. కౌంటీ ప్రొఫెషనల్ అంటే వేసవంతా రోజుల తరబడి బౌలింగ్, దానికి తగని జీతం. లీగ్ క్లబ్బులు శనివారం ఒక్కరోజు ఆటకే మంచి డబ్బిచ్చేవి. మిగతా రోజుల్లో గుమాస్తా పని చేసుకోవచ్చు. బార్న్స్ తన శ్రమ విలువ ఎరిగిన మనిషి. 1904 నుంచి సొంత కౌంటీ స్టాఫర్డ్‌షైర్‌కు ఆడాడు. అతడు వచ్చాక ఆ జట్టు 1906, 1908, 1911, 1914లలో చాంపియన్ అయింది.

అతడి బంతి వేగంగా వస్తూనే తిరిగేది. వేళ్లతో తిప్పి, పొడవాటి చేయి పైనుంచి విసిరితే పిచ్ మీద పడ్డాక లోపలికో బయటికో మళ్లేది. 1911 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో, ఒంట్లో బాగోలేకపోయినా, తొలి 5 ఓవర్లలో ఒకే ఒక్క పరుగిచ్చి 4 వికెట్లు తీశాడు. 1913-14లో దక్షిణాఫ్రికాలో నాలుగు టెస్టులే ఆడి 49 వికెట్లు పడగొట్టాడు. ఒక సిరీస్‌లో అంతకుమించి ఇప్పటికీ ఎవరూ తీయలేదు. అప్పుడూ అతడు మైనర్ కౌంటీ ఆటగాడే.

27 టెస్టుల్లో 189 వికెట్లతో అతడి టెస్టు జీవితం ముగిసింది గానీ బౌలింగ్ ఆగలేదు. 1928లో, 55 ఏళ్ల వయసులో, వేల్స్ తరఫున వెస్టిండీస్ మీద 12 వికెట్లు తీశాడు. స్టాఫర్డ్‌షైర్‌కు అరవై దాటాక కూడా ఆడి, 1935లో ఆపాడు. ఆ కౌంటీకి అతడు తీసిన వికెట్లు 1,441. ఒక్కో వికెట్‌కు ఇచ్చింది సగటున ఎనిమిది పరుగులకు కాస్త ఎక్కువ.

1967లో బార్న్స్ స్టాఫర్డ్‌షైర్‌లోనే కన్నుమూశాడు. 2020లో మైనర్ కౌంటీల చాంపియన్‌షిప్ పేరులోంచి ‘మైనర్’ తీసేసి ‘నేషనల్ కౌంటీస్’ అని మార్చారు. బార్న్స్ బంతిని ఆడినవాళ్లకు ఆ ‘మైనర్’ మాట ఎన్నడో అర్థం కోల్పోయింది.